బట్టీకాడి మనిషికి చలి

పటాన్‌చెరు పెద్ద రోడ్డు మీద బస్సులు ఆగే కాడికెల్లి జెర లోపలికి పోతే ఒక దవాఖాన ఉంటది. పేరెందుకు గానీ, చుట్టుపక్కల కంపెనీలల్ల పనిచేసేటోళ్లందరికి ఎరికైన దవాఖాననే. అండ్ల రెండో అంతస్తుల ఆపరేషన్ గది, దాని పక్కకు ఇంకో గది. కోసి కుట్లేసినంక మనిషికి తెలివొచ్చేదాక పండబెట్టేది అక్కడ్నే. పేరుకు ఆ గది డాక్టర్లది, నర్సులది. అసలు మాట చెప్పాలంటే అది లక్డారం ఊరి వీరలక్ష్మిది.

వీరలక్ష్మి అక్కడ ఆయా. చల్లబడి వచ్చినోళ్లను వెచ్చజేసుడు ఆమె పని. గదేం పనని నవ్వకుండ్రి. మత్తిచ్చినంక మనిషి ఒంట్ల వేడి నిలువదు. ఆపరేషన్ గదిల ఏసీ ఆగదు, ఒంటి మీద సరిగ బట్టుండదు, కడుపు కోసి గంటలకు గంటలు తెరిచి పెడ్తరు. మనకు చలైతే ఒళ్లు తనంతట తనే వణికి వేడి పుట్టించుకుంటది. మత్తుల ఉన్నోని ఒంటికి ఆ తెలివి సుత ఉండదు. ఇగ మత్తు దిగి కండ్లు తెరిచేసరికి పండ్లు టకటక కొట్టుకుంటయ్, మనిషితోని పాటు మంచం ఊగుతది. అప్పుడు వాళ్లు కుట్ల నొప్పి గురించి అడగరు, దుప్పటి అడుగుతరు. కత్తి సంగతి రేపు సూసుకుందాం, ముందుగాల చలి సంగతి సూడాలె అని వీరలక్ష్మి అందరికి చెప్పే మాట.

దుప్పట్లు వెచ్చబెట్టే అల్మార ఒకటుంది ఆమె కాడ. ఇంకోటి గాలిదుప్పటి. పలుచటి కాయితమసొంటి రెండు పొరలు, దానికో గొట్టం, గొట్టానికి ఒక మిషిన్. స్విచ్చేస్తే వెచ్చటి గాలి నిండి దుప్పటి పూరీ లెక్క ఉబ్బుతది. దానికి ఇంగ్లీషుల ఏందో పేరుంది, వీరలక్ష్మికి నోరు తిరగక గాలిదుప్పటి అని పెట్టింది. కొన్నొద్దులకు డాక్టర్లు సుత గట్లనే పిలిచిండ్రు.

చెయ్యి ఎంత మెత్తనో నోరు అంత పెద్దది. ఆపరేషన్ గదిల ఏసీ తగ్గించరని సర్జన్‌ల మొఖం మీదనే అడిగేది, లోపల మనుషులను కోస్తున్నరా, కూరగాయలు దాస్తున్నరా అని. కుట్లెట్లున్నయో సూద్దామని దుప్పటి ఎత్తిన సుట్టాలకైతే మంగళహారతే. ఒకసారి హత్నూర దిక్కు నుంచి వచ్చినాయన తల్లి కాళ్లు చల్లగున్నయని సీసాల మసిలే నీళ్లు పోసి తెచ్చిండు. వీరలక్ష్మి ఉరికొచ్చి గుంజుకున్నది. నడుముకు మత్తుసూది ఇచ్చిండ్రు, కాళ్లకు తిమ్మిరి దిగలే, కాలినా ముసలమ్మకు తెల్వదు, బొబ్బలు లేచినంక తెలుస్తది అని తిట్టింది. తిట్టినంక ఆయన మొఖం సూసి, నీకు అమ్మ మీద పాణమే గదా బిడ్డా అని చాయ తాగిపిచ్చింది. గట్లుంటది ఆమె యవ్వారం.

ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కంపెనీ పిల్లగాండ్లు వస్తే వాళ్ల పక్కన ఎవ్వరుండరు. ఠండా నై బేటా, హో గయా, హో గయా, అంటె చలి లేదు బిడ్డా, అయిపోయింది అని తనకొచ్చిన రెండు హిందీ ముక్కలతోనే వాళ్ల చెవుల కాడ గునుగుతుండేది. వణికేటోని చెయ్యి పట్టుకుంటే, వణుకు ఆగేదాక ఇడిసేది కాదు. అన్నం యాల్ల దాటినా అంతే.

ఇంతమందిని వెచ్చజేసిన ఈమె పెనిమిటి ఐలన్నకు మాత్రం చలంటే ఏందో తెల్వదు. ఇనుము కాల్చి సాగగొట్టే కంపెనీల బట్టీ కాడ పనిచేసి చేసి తల నెరిసిన మనిషి. ఎర్రగ కాలిన ఇనుప దిమ్మను పొడుగు పట్టుకారుతోని బయటికి గుంజి సుత్తె మిషిన్ కింద పెట్టేటోడు. ఎండకాలం ఆ షెడ్డుల కొత్తోళ్లు నిలబడలేక బయటికి ఉరికేటోళ్లు. ఐలన్న తువ్వాల తడిపి తలకు సుట్టుకొని, బట్టీ ముంగట నిలబడ్డోనికి సూర్యుడో లెక్కనా అనేటోడు. ముంజేతుల మీద వెంట్రుక మొలవడం ఎన్నడో బంజేసింది.

మా సంగారెడ్డి దిక్కు చలికాలం సంగతి మీకు తెల్వకపోతే తెలిసినోళ్లను అడుగుండ్రి. ఊరంత మంటలేసుకొని కూసుంటే ఐలన్న బనీను సుత లేకుండ బండల మీద పండేటోడు, పైకెల్లి ఫ్యాన్. ఆ ఫ్యాన్ కాడనే మొగడుపెండ్లాలకు పంచాది. నాకు పెండ్లయింది మనిషితోనా, పొయ్యితోనా అని వీరలక్ష్మి వాడకట్టు వినేటట్టు అనేది. అంటనే, పొద్దంత దవాఖాన ఏసీల తిరిగి గడ్డకట్టిన కాళ్లు తెచ్చి ఆయన వీపుకు ఆనించి పండేది. ఆయన ఉలిక్కిపడి తిట్టేటోడు గానీ, ఒక్కనాడు పక్కకు జరగలే.

ఒక్కతే బిడ్డ, సృజన. పెండ్లి చేసి పటేల్‌గూడల ఇచ్చిండ్రు. అల్లుడు మంచోడు, మనుమడు బడికి పోతుండు. ఇగ పనికి పోవుడు బంజేసి ఇంటి ముంగట నాలుగు కూరగాయ మొక్కలు పెట్టుకుంటనని ఐలన్న అనుకుంటున్నప్పుడు రోగం బయటవడ్డది.

బయటవడ్డదనేకంటె, దాచిపెట్టుడు చేతగాలేదనాలె. శానొద్దుల నుంచి రక్తం పోతుంటే మొలలేమో అనుకొని ఎవ్వరికి చెప్పలే. ఇంట్ల దవాఖాన మనిషిని పెట్టుకొని చెప్పలే సూడుండ్రి. ప్యాంటు నడుము కాడ జారుతుంటె ఆమెకు అనుమానమొచ్చి గుంజుకపోయింది. పెద్దపేగుల గడ్డ. కోసి తీయాలె, తీస్తే బతుకుతడు అన్నరు. కోసే ముందు గుండె సూసిండ్రు, అది జెర బలహీనంగ ఉన్నదని తేలింది.

మత్తు డాక్టర్ నిహారిక మేడమ్ వీరలక్ష్మిని పక్కకు పిలిచి కూసోబెట్టి చెప్పింది. వయసుల బిడ్డంతది, వీరలక్ష్మికి ఆమె మీద శాన గురి. ఆపరేషన్ పెద్దది, గుండె తట్టుకోవాలె, అన్నిటికంటె ఈయన చల్లబడొద్దు, వణుకు రావొద్దు అన్నది. వణుకు అంటే ఊరికె వణుకు కాదు, పండుకున్న మనిషి గుండెతోని ఉరుకుడు పందెం పెట్టినట్టు. ఈ ముచ్చట వీరలక్ష్మికి కొత్తది కాదు. అది నాకు ఇడిసిపెట్టుండ్రి మేడమ్ అని ధీమాగ చెప్పి వచ్చింది. ఐలన్నకు సుత చెప్పింది, నువ్వు కండ్లు తెరిచేసరికి ముంగట నేనే ఉంటా, నీకేం కాదని.

ఇంట్ల మొక్కులు మొక్కింది, దవాఖానల అల్మార సర్దింది. ఆపరేషన్ నాటికి కొత్త గాలిదుప్పటి పక్కకు తీసిపెట్టింది. అందరిని కాపాడిన చెయ్యి నా ఇంటాయనను కాపాడదా అని గుండె నిండ ధైర్యం.

ఆ పొద్దు ఐలన్నను తోలుకపోయి ఆపరేషన్ ముందుండే గదిల పండబెట్టిండ్రు. ఆ గదిల శ్రావణ్‌కుమార్ అని నర్సు పిల్లగాడు. మెదక్ దిక్కోడు, నెమ్మదస్తుడు. లోపలికి తీసుకపోయే ముందు అర్ధగంటసేపు గాలిదుప్పటి కప్పి ఉంచాలని నిహారిక మేడమ్ పెట్టిన పద్ధతి. ముందే ఒంటినిండ వేడి నింపుకొని పోతే, లోపల ఎంత పోయినా ఇంకింత మిగులుతది. చల్లబడ్డంక వెచ్చజేసుడు కష్టం, చల్లబడకుండ కాసుకునుడు అల్కగ ఉంటది. ఇది సుత వీరలక్ష్మికి ఎరికనే. బక్కపాణం ముసలోళ్లకు, ఆడోళ్లకు తనే దగ్గరుండి కప్పేది.

కప్పిండ్రు. మిషిన్ గుయ్యిమని మొదలైంది. జెరసేపటికి ఐలన్న నుదురు మీద చెమట పోసింది. ఇటు తిరిగిండు, అటు తిరిగిండు. ఆ వేడి గాలికి ఆయనకు షెడ్డు యాదికొచ్చిందో ఏమో, మొఖమంత పరేషాన్ అయింది. ఎన్నడు భయపడని మనిషి కండ్లల్ల భయం కనవడ్డది. కాలితోని దుప్పటి తన్నిండు.

"తీసెయ్యే లచ్చి. ఊపిరాడ్తలేదు. జెర గాలాడనియ్యి."

శ్రావణ్‌కుమార్ దుప్పటి మల్ల సర్దవోయిండు. ఇంకో పావుగంట పెద్దయ్యా, మేడమ్ తిడ్తది అన్నడు. ఐలన్న పెండ్లాం దిక్కు సూసిండు. ఆ సూపు సూసినంక ఇగ వీరలక్ష్మి పాణం ఆగలే.

"తీసెయ్యి బిడ్డా. ఈయన సంగతి నాకెరికే. జిందగీ అంత బట్టీ కాడున్న మనిషి, ఈయనకేం చలి. మేడమ్ అడిగితె నేను చెప్తా."

ఆ గదులల్ల వీరలక్ష్మి మాటకు ఎదురు చెప్పేటోడు లేడు. శ్రావణ్ మిషిన్ బంద్ చేసిండు. ఐలన్న అంగీ గుండీలు ఇప్పుకొని రొమ్ము మీదికి గాలి తగిలేటట్టు పండుకున్నడు. వీరలక్ష్మి ఒక అట్టముక్క తీసుకొని ఇసిరింది సుత. ఇప్పుడు పాణం హాయిగుందే అన్నడాయన. ఆ మాటకు ఆమెకు కడుపు నిండినట్టయింది.

దీపం కింద చీకటి అని పెద్దోళ్లు ఊకెనే అనలే. ఊళ్లోళ్ల మొగండ్లను, ఊళ్లోళ్ల పిల్లలను పేరుపేరున కాసిన మనిషి, తన మొగని కాడికొచ్చేసరికి ఇరవై ఏండ్ల కింది ఐలన్నను సూసింది. అప్పటికే ఆయన సగం మనిషి అయిండు, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, ఒంట్ల రక్తం లేదు. అయినా ఆమె కండ్లకు బట్టీ ముంగట నిలబడ్డోడే కనవడ్డడు. లోపల ముందటి ఆపరేషన్ ఇంకా అయిపోలే. అయ్యేదాక ఐలన్న ఆ ఏసీ గదిల రొమ్ము తెరుసుకొని గట్లనే పండి ఉన్నడు.

తర్వాత లోపలికి తీసుకపోయిండ్రు. సృజన, వీరలక్ష్మి బయట కుర్చీల మీద కూసున్నరు. అనుకున్నదాని కంటె శానసేపు పట్టింది. గడ్డ పక్క నరానికి అతుక్కుందట, రక్తం మస్తుగ పోయిందట, లోపల సుత గాలిదుప్పటి కప్పిండ్రట గానీ ఒళ్లు వేడెక్కుతలేదట. ఇవన్ని తర్వాత తెలిసినయ్. అప్పుడైతే ఒక నర్సు బయటికొచ్చి అయిపోయిందమ్మా, గడ్డ మొత్తం తీసిండ్రు అన్నది. తల్లీబిడ్డలు ఒకర్నొకరు పట్టుకొని ఏడ్సిండ్రు. మనుమడు బడి నుంచి వచ్చే యాల్లయిందని, అల్లుడు డ్యూటీల ఉన్నడని, బిడ్డను వీరలక్ష్మే ఇంటికి తోలింది. నాయినను నేను సూసుకుంటా, నువ్వు పోయి నిమ్మలంగ రా అన్నది.

తోలి, కొంగు నడుముకు చెక్కి, తన గదిలకు పోయింది.

ఐలన్నను తెచ్చిండ్రు. ఆమె చెయ్యి అలవాటు ప్రకారం ముందుగాల పాదం మీదికి పోయింది. ఇంతమంది కాళ్లు పట్టుకున్నది, ఇంత చల్లటి కాళ్లు తక్కువ సూసింది. నిహారిక మేడమ్ మొఖంల రంగు లేదు. మత్తు దిగుతున్నకొద్ది వణుకు మొదలైంది. దవడ కొట్టుకుంటుంది, భుజాలు ఎగురుతున్నయ్, పక్కన తెర మీద గుండె గీతలు గుంపుగ పోతున్నయ్. వీరలక్ష్మి గాలిదుప్పటి కప్పింది, పైన అల్మారల వెచ్చటి దుప్పట్లు పరిచింది, తలకు టోపీ పెట్టింది, కాళ్లకు మేజోళ్లు తొడిగింది. మేడమ్ వణుకు తగ్గే మందు ఇచ్చింది. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టని ఆమె మనసుల ఎవరో అంటనే ఉన్నరు.

ఐలన్న కండ్లు తెరిచిండు. ఇచ్చిన మాట ప్రకారం ముంగట పెండ్లామే ఉన్నది. గుర్తువట్టిండు. పెదువులు కదిలినయ్, మాట రానీకె తండ్లాడింది. ఆమె చెవి ఆనించింది.

"సలి పెడుతున్నదే లచ్చి."

ఇన్నేండ్ల కాపురంల ఆ నోటికెల్లి ఆ మాట రాలే. వానకాలం కప్పు కారినప్పుడు రాలే, కంపెనీల చేరకముందు తెల్లారగట్ల చెరువుల దిగి గొర్లను కడిగినప్పుడు రాలే. వీరలక్ష్మి దవాఖాన పద్ధతులన్ని మర్సిపోయి ఆయన మీదికి ఒరిగింది. తప్పైంది, తప్పైంది అనుకుంట రెండు చేతులతోని ఆయన చెంపలు రుద్దింది. ఏం తప్పో ఆయనకు తెల్వదు. నువ్వుంటివి గదనే అన్నట్టు సూసిండు.

మిషిన్ గాలి, మందు, ఆమె చేతులు, అన్ని కలిసి పనిచేసినయ్. వణుకు మెల్లగ తగ్గింది. పాదాలల్ల పాణమొచ్చింది. ఒంటి వేడి సూసిన శ్రావణ్, ఎక్కుతున్నది పెద్దమ్మా, ఇంకొంచెం ఎక్కితే చాలు అన్నడు. వీరలక్ష్మికి ఊపిరాడింది. ఇంటికి పోయినంక నువ్వు ఫ్యాన్ పేరెత్తితె సూడు అని మొగన్ని బెదిరించింది కూడ. ఐలన్న నవ్వినట్టే చేసిండు. కండ్లు మూసుకున్నడు. చెయ్యి ఆమె చేతులనే ఉంది, మెత్తగ, వెచ్చగ.

అప్పుడు తెర మీద గీతలు చెదిరినయ్.

డాక్టర్లు ఉరికొచ్చిండ్రు. దుప్పట్లు పక్కకు పారేసిండ్రు, రొమ్ము మీద వత్తిండ్రు, కరెంటు పెట్టిండ్రు. వీరలక్ష్మి గోడకు ఆనుకొని నిలబడ్డది. ఇసొంటివి ఆమె సూడనివి కావు, ఏది ఎప్పుడు అయిపోతదో డాక్టర్లు చెప్పకముందే ఆమెకు తెలుస్తది. వాళ్లు ఆగినప్పుడు ఆమె ఏడ్వలే. దగ్గరికి పోయి కింద పడ్డ దుప్పట్లు తీసింది. గాలిదుప్పటి మల్ల కప్పింది, అంచులు సర్దింది, గొట్టం తగిలించింది, స్విచ్చేసింది. మిషిన్ గుయ్యిమన్నది. వద్దని చెప్పే మనసు ఆ గదిల ఒక్కరికి రాలే. మంచం సుట్టు పరదా గుంజి అందరు బయటికి పోయిండ్రు. సృజనకు ఫోన్ చేసిన శ్రావణ్ కూడ ఉన్న మాట చెప్పలేక, జల్దీ రా అక్కా అని మాత్రం అన్నడు.

నిహారిక మేడమ్ ఒక్కతే మల్ల లోపలికొచ్చింది. వీరలక్ష్మి తల ఎత్తకుండనే అన్నది.

"పొద్దుగాల దుప్పటి నేనే తీపిచ్చిన మేడమ్. పిల్లగాని తప్పు లేదు."

"తెలుసు లక్ష్మమ్మా. ఆయన గుండె ముందే బాగాలేదు. రక్తం చాలా పోయింది. దానివల్లే ఇలా అయిందని ఎవరూ చెప్పలేరు."

"దానివల్ల కాదని చెప్తరా?"

కాదని మేడమ్ అబద్ధం చెప్పొచ్చు, సుట్టాలకు ఇంతకంటె పెద్ద అబద్ధాలు రోజు చెప్తరు. ఈ మనిషికి చెప్పలేకపోయింది. స్టూలు గుంజుకొని పక్కన కూసున్నది. వీరలక్ష్మికి ఆమె మీద కోపం రాలే. అబద్ధం ఆడనందుకు దండం పెట్టాలనిపించింది. ఆడితే బాగుండు అని సుత అనిపించింది. ఆ రెండిట్ల ఏది ఎక్కువనో ఆమెకు తెల్వలే.

మేడమ్ పోయినంక సృజన వచ్చింది. మెట్లెక్కి ఉరికొచ్చినట్టుంది, రొప్పుతుంది. పరదా తీసి సూసింది. తల్లి మంచం పక్కన కూసొని ఉంది, మిషిన్ నడుస్తుంది, దుప్పటి ఉబ్బి ఉంది, నాయిన కండ్లు మూసుకొని ఉన్నడు. దుప్పటి కింద చెయ్యి పెట్టి నాయిన చెయ్యి పట్టుకున్నది. పట్టుకొని పెద్ద నిట్టూర్పు ఇడిసింది.

"వెచ్చగనే ఉన్నడు గదనే అమ్మా. ఫోన్ల గట్ల చెప్తే నా పాణం పోయింది. మత్తు ఇంక దిగలేదా?"

వీరలక్ష్మి బిడ్డ మొఖం దిక్కు సూసింది. దారిపొడుగున ఏడ్చిన కండ్లు, ఇప్పుడే జెర నిమ్మలమైనయ్. ఏదో ఒకటి చెప్పాలె. ఎంతమంది బిడ్డలకు చెప్పలే ఆమె? వంగి, మిషిన్ స్విచ్ తనే బంద్ చేసింది. చప్పుడు ఆగింది. దుప్పటిల గాలి మెల్లమెల్లగ దిగి ఐలన్న ఒంటికి అతుక్కున్నది. మనిషి ఎంత బక్కగున్నడో అప్పుడు కనవడ్డది. రొమ్ము కదుల్తలేదని సుత కనవడ్డది.

సృజన చెయ్యి గుంజుకోవోయింది. తల్లి ఆ చెయ్యి మీద తన చెయ్యి పెట్టింది.

"తియ్యకు బిడ్డా. జెరసేపు పట్టుకో."

సృజన బొబ్బ పెట్టింది. పెట్టుకుంటనే నాయిన చెయ్యి ఇడవలే. తల్లీబిడ్డలు ఇద్దరు గట్లనే పట్టుకొని కూసున్నరు, వాళ్ల కండ్ల ముంగట ఆ వేడి పోయేదాక. పోనీకె మస్తు సేపు పట్టింది. అంత మంచిగ వెచ్చజేసింది వీరలక్ష్మి.